కోడలి ఆదివారం

ఈరోజు పొద్దున మా ఇంటి వరండాలో కూర్చుని చాయ్ తాగుతూ, నాది కాని ఒక ఆదివారాన్ని నేను ధారాళంగా దానం చేసేశాను. చేసినది తప్పని తెలియడానికి, వచ్చినవాళ్లు వెళ్లిపోయి, మా ఆవిడ వంటింట్లో నన్ను నిలదీసేదాకా పట్టింది.

వచ్చినవాళ్లు పరాయివాళ్లు కారు. పాల్మాకులలో ఉండే మా అన్న, కొత్తూరుకు ఇచ్చిన మా అక్క. మా ఇంటి ఎల్లమ్మ పండుగ చేసి చాలా ఏళ్లయింది కనుక ఈసారి ఎలాగైనా చేసి తీరాలని అన్న పట్టుబట్టాడు. ఆ పండుగలో బోనం ఇంటి కోడలే ఎత్తాలి. అన్నకు ఇద్దరూ ఆడపిల్లలే కావడంతో, మా రెండిళ్లకూ కలిపి కోడలంటే మా కోడలొక్కతే. ఆమె ఎయిర్‌పోర్టు కార్గోలో షిఫ్టుల ఉద్యోగం చేస్తుంది. అందుకే అన్న ఆమెకు ఎప్పుడు వీలవుతుందని నన్ను అడిగాడు. గోడకు అవతలే ఉన్న మనిషిని పిలిచి ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. వచ్చే ఆదివారం ఆమెకు సెలవని మా అబ్బాయి ఎప్పుడో అన్న మాట మాత్రం గుర్తుకొచ్చింది.

"వచ్చే ఆదివారమే పెట్టు అన్నా, ఆమెకు ఆ రోజు ఆఫే" అన్నాను.

అన్న అక్కడికక్కడే పూజ చేయించే బైండ్లాయనకు ఫోన్ కలిపాడు. ఖాళీ కప్పులు తీసుకుపోవడానికి వచ్చిన కోడలు గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. మంచిదేనా బిడ్డా అని అక్క అడిగితే, "మంచిదే అత్తమ్మా" అని లోపలికి వెళ్లిపోయింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

వాళ్లను సాగనంపి వంటింట్లోకి వెళితే మా ఆవిడ నా వైపు తిరగకుండానే అందుకుంది. "అందరికీ తారీఖు చెప్పినవ్, ఆ పిల్లను అడిగినవా? గా ఆదివారం దానికి పరీక్ష. పోయిన నెలల నీ ముందట్నే చెప్పింది. నువ్వు టీవీ చూసుకుంట ఊ కొట్టినవ్."

ఊ కొట్టిన సంగతి నాకు గుర్తు లేదు. కొట్టే ఉంటాను. కోడలు దూరవిద్యలో ఎం.కామ్. చదువుతోందని తెలుసు, అది చివరి పేపరని తెలియదు. ఆ పరీక్ష గట్టెక్కితే ఆమె ఆఫీసులోనే లెక్కల విభాగంలో పగటి కొలువు దొరుకుతుందట. అప్పుడు మా మనవరాలు బడి నుంచి వచ్చే వేళకు తల్లి ఇంట్లో ఉంటుంది. ఇప్పుడు తప్పితే మళ్లీ ఏడాదికి గానీ పరీక్ష రాదు, అంతవరకూ ఆ కొలువు ఆమె కోసం ఆగదు. ఆ ఒక్క ఆదివారం సెలవు తన చేతికి రావడానికి ఆమె తోటివాళ్ల నైట్ డ్యూటీలు తన నెత్తిన వేసుకుంటూ వచ్చిందని కూడా అప్పుడే విన్నాను. మరి అక్క అడిగితే మంచిదేనని ఎందుకన్నట్టు అని గొణిగాను.

"మామ మాట ఇచ్చినంక కోడలు కాదంటే రేపు ఊర్లె ఎవర్ని అంటరు? నిన్నా?"

వరండాలోకి వచ్చి కూర్చున్నాను. నా ఈడువాళ్లకు ఇలాంటి వేళల్లో మనసు ఎక్కడికి పోతుందో చెప్పనక్కర్లేదు.

నాకు పెళ్లయిన కొత్తలో నేను కూడా ఇలాగే మూడు పడవల్లో కాళ్లు పెట్టినవాణ్ణే. కొత్తూరు దగ్గర ఫ్యాక్టరీలో పని, సాయంత్రాలు బస్సెక్కి సిటీలో డిప్లొమా చదువు, పాల్మాకులలో ఉమ్మడి వ్యవసాయం. కరెంటు చాలని రోజులు కావడంతో ఫ్యాక్టరీకి మంగళవారాలు పవర్ హాలిడే ఉండేది. ఆ మంగళవారం పగలంతా నేను చదువుకోవాలనీ, పొద్దు వాలాక మా ఆవిణ్ణీ, చంటివాడినీ తీసుకుని శంషాబాద్ బజారుకు వెళ్లి వేడి మిర్చీలు తిని రావాలనీ మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. నేను పుస్తకం ముందు కూర్చుంటానంటే మా అన్న నా వంతు నీళ్లు కూడా తానే కట్టేవాడు, బర్రెల పని మా ఆవిడ చూసుకునేది. ఇంటిల్లిపాదీ నా చదువుకు అలా దారి ఇచ్చారు.

ఆ మంగళవారాలను నేను ఏం చేశానంటే, అడిగినవాడికల్లా ఇచ్చేశాను. ఒకరిని దవాఖానకు తోలుకుపోవడం, ఇంకొకరికి పెళ్లిచూపుల్లో పెద్దమనిషిగా కూర్చోవడం, దోస్తులు పిలిస్తే బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం చూడ్డానికి పొద్దంతా జనంలో నిలబడటం, ఇవన్నీ నాకు చదువుకంటే సులువుగా ఉండేవి. పైగా, నేనుంటే పని అయిపోతుందని నలుగురూ అంటుంటే కడుపు నిండినట్టుండేది. పుస్తకం ఎవరినీ మెచ్చుకోదు కదా. "అందరికీ ఉంటవు, ఇంట్ల ఎవరికి ఉంటవు?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది. నవ్వేసి చెప్పులు వేసుకున్నాను.

ఆఖరి ఏడాది చదువు మానేశాను. ఎందుకు మానేశావని అడిగినవాళ్లకు, ఫ్యాక్టరీ పనీ, బాయికాడి సేద్యమూ, సంసారమూ నెత్తిన పెట్టుకుని ఎవరు చదవగలరని చెప్పేవాణ్ణి. వాళ్లు పాపం అని తలూపేవాళ్లు. చెప్పగా చెప్పగా నేనూ నమ్మాను.

అందుకే కాబోలు, కోడలి పద్ధతి నాకు మొదట్నుంచీ కొంచెం పొగరుగా కనిపించేది. చదువుకునేటప్పుడు చుట్టాలొచ్చినా పలకరించి మళ్లీ మేడ మీదికి వెళ్లిపోతుంది. మనవరాలితో ఆడేటప్పుడు డ్యూటీ ఫోను మోగినా ఎత్తదు. ఏ వేళ ఎవరిదో ఆమె ముందే అనుకుని బతుకుతోంది. నాకు చేతకానిది ఆమెకు చేతనయింది, నాకు కోపం దానిమీదేనని ఈరోజు ఒప్పుకోక తప్పలేదు.

లేచి మేడ మెట్లెక్కాను. కోడలు పుస్తకం మూసి పక్కన పెట్టి, పండుగకు పసుపు దంచడానికి కొమ్ములు ఏరుతోంది. అవి పక్కన పెట్టి చదువుకోమ్మా, నేను ఊరికి వెళ్లి మాట్లాడి వస్తానన్నాను. "వద్దు మామయ్యా, పెద్దోళ్లు ఒక్కసారి అనుకున్నంక..." అంటూ ఉంటే కొమ్ముల చాట నేనే అందుకుని కిందికి తెచ్చేశాను.

పాల్మాకుల వెళ్లేసరికి అన్న కొట్టంలో బర్రెలకు గడ్డి వేస్తున్నాడు. కోడలిని అడగకుండానే తారీఖు చెప్పానని, ఆ రోజు ఆమెకు పరీక్ష ఉందని చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన గడ్డిమోపు కింద పెట్టి, నా మొహం చూడకుండా అన్నాడు. "ఇగ చెప్పకురా. నీ చదువు నేనే మట్టిల కలిపిన. బాయి పని నీకు గూడ అంటగట్టిన. గీ పిల్ల చదువు గూడ నా పండుగ పాలు చేస్తనా?"

అనుకున్న పని అయిపోయింది. తల ఊపి బండెక్కితే సరిపోయేది. కానీ నేను నలుగురిలో చెప్పుకు తిరిగిన ఆ సాకును ఈయన ఇన్నేళ్లూ తన తప్పుగా మోస్తున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు.

"నువ్వు కలపలేదన్నా. నా వంతు నీళ్లు కూడ నువ్వే కట్టినవ్. నేనే చదవలేదు. ఊరి మీద తిరిగి, నెపం నీ మీద పెట్టిన" అన్నాను.

బర్రె ఒకటి గడ్డి కోసం అన్న చేతిని మూతితో పొడుస్తుంటే దాన్ని అదిలించాడు. "గిన్నేండ్ల సంది చెప్పకపోతివేందిరా?" అన్నాడు. ఆ గొంతులో కోపం ఎంతో, ఉపశమనం ఎంతో నేను తేల్చుకోలేకపోయాను. కాసేపటికి, "బైండ్లాయనకు నేను చెప్త. అక్కకు మాత్రం నువ్వే చెప్పు. ఫోన్ల కాదు, పొయ్యి చెప్పు. తిడితది, పడు" అన్నాడు.

కొత్తూరు దారిలో, ఒకప్పుడు నేను డ్యూటీకి సైకిల్ తొక్కిన రోడ్డును పోల్చుకోవాలని చూశాను, లారీల మధ్య పోల్చుకోలేకపోయాను. మా కాలంలో మనిషి ఎందరికి అందుబాటులో ఉంటే అంత మంచివాడు. ఇంట్లోవాళ్ల తీరిక కూడా మనదే అనుకుని పంచిపెట్టేవాళ్లం, అడిగినవాడిని కాదనడం నేర్చుకోలేదు, అడగడమూ నేర్చుకోలేదు. ఆ కలుపుగోలుతనం ఇప్పుడు తగ్గిపోయిందని మనం వాపోతుంటాం, నాకూ దిగులే. అయితే ఆ ముచ్చట్ల వెనక మసిబారిపోయిన మంగళవారాలు ఎన్ని ఇళ్లలో ఎంతమందివో ఎవరు చూశారు?

అక్క తిట్టింది. చుట్టాలకు చెప్పుకున్నానంది, ఆరు పదులు దాటినా నాకు బుద్ధి రాలేదంది, కోడలు ఏమన్నా అన్నదా అని గుచ్చి గుచ్చి అడిగింది. ఆమె ఏమీ అనలేదనీ, అడగకుండా చెప్పినవాణ్ణి నేనేననీ అడిగిన ప్రతిసారీ చెప్పాను. చివరికి అలిసిపోయి, పోనీ పండుగ ఏ రోజో అదైనా చెప్పు, మళ్లీ అందరికీ చెప్పుకోవాలి కదా అంది.

నోటిదాకా ఒక తారీఖు వచ్చింది.

"నాకు ఎరుక లేదక్కా. పరీక్ష రాసొచ్చినంక కోడలిని అడిగి చెప్త" అన్నాను.