నా గొంతు పోయిన రోజే బాగుందట

దవాఖానకు ఎవరిని తీసుకుపోయినా, రోగం చెప్పేది మా వైపు రోగి కాదు. వెంట పోయిన పెద్దమనిషే. రోగి నాలుక చూపిస్తే చాలు. ఈ పనిలో నాకు జనగామలో, మా వాడకట్టు వరకైనా, మంచి పేరుంది. పక్కింటివాళ్ల కడుపునొప్పిని కూడా వాళ్లకంటే నేనే వివరంగా చెబుతాను. అటువంటి నాకు మా ఇంట్లో పిల్లకేమైందో చెప్పడం చేతకాకుండా పోయింది.

పిల్ల అంటే నా మనవరాలు, కూతురి బిడ్డ. తల్లి భూపాలపల్లిలో ఒక దవాఖానలో నర్సు. డిగ్రీ చదువు కోసం పిల్ల నా దగ్గర ఉంటోంది. దసరా సెలవుల తర్వాత కాలేజీకి పోవడం మానేసింది. జ్వరం లేదు, దెబ్బ లేదు. తలుపు వేసుకుని పడుకుంటుంది. పిలిస్తే ఊ అంటుంది, ఒక్కోసారి అదీ లేదు. పరీక్షల్లోగా మామూలు మనిషి కాకపోతే చదువు మాన్పించి భూపాలపల్లికి తీసుకుపోతానని తల్లి ఫోన్‌లో చెప్పింది. ఆ మాట విని పిల్ల ఏడవను కూడా ఏడవలేదు. నాకు భయం పట్టుకుంది అప్పుడే.

నాకు తెలిసినవన్నీ చేశాను. మిరపకాయలతో దిష్టి తీశాను. అవి కాలుతున్నంతసేపూ మంచి కాయలు పోతున్నాయని బాధపడ్డాను కాబట్టి దిష్టి పూర్తిగా పోయి ఉండదు. మూసిన తలుపు ముందు నిలబడి పొద్దున, సాయంత్రం బుద్ధులు చెప్పాను. మధ్యలో ఫ్యాన్ ఆపమని కూడా అరిచాను.

చివరికి కౌన్సిలింగ్ అన్నారు. హన్మకొండలో మొదట చూపించిన పెద్దమనిషి పిల్లను వదిలేసి మా వంశం సంగతి ఎత్తుకున్నాడు. తాత ఎలాంటివాడు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఇవీ ప్రశ్నలు. వారం వారం రావాలి, ఎంతకాలమో ఇప్పుడే చెప్పలేనన్నాడు. అటక మీది సామానంతా దింపితే గానీ ఇల్లు ఊడవనన్నట్టుంది ఆయన పద్ధతి. కొందరికి అదే అవసరమట. కానీ మా అటక మీద కూర్చున్నది నేనేనేమోనని అనుమానం వచ్చి మళ్లీ పోలేదు.

నా కూతురు తనతో పనిచేసేవాళ్లను అడిగి, మహబూబాబాద్‌లో ఇంకో మేడం ఉందని కనుక్కుంది.

"అమ్మా, గామె పద్ధతి వేరేనట. సొల్యూషన్ ఫోకస్డ్ బ్రీఫ్ థెరపీ అంటరు. పాత కథలు తవ్వరు. ఇగ ముంగట ఎట్లుంటే మంచిగుంటదో అడుగుతరు. జల్ది ఒడుస్తది."

అంత పొడుగు పేరులో నాకు పనికొచ్చినవి రెండు ముక్కలు. తవ్వరు, తొందరగా అయిపోతుంది. పైగా అక్కడిదాకా ఆడవాళ్లకు బస్సు ఉచితం. ఇన్ని మంచి గుణాలు నేను పెళ్లి సంబంధాల్లో కూడా చూడలేదు. అయినా ఫోన్ చేసి మేడంకు పరీక్ష పెట్టాను.

"గీ పద్ధతి ఎక్కడన్న నేర్చుకున్నవా బిడ్డా, ఊకెనే బోర్డు పెట్టినవా?"

ఏం చదివిందో, ఎక్కడ నేర్చుకుందో విసుక్కోకుండా చెప్పింది.

"ఎన్ని మాట్ల రావాలె?" అని సార్ల లెక్క కూడా అడిగాను.

"చానా మందికి కొన్ని మాట్లకే అయిపోతది అవ్వా. ఒడిసిందని చెప్పేది నేను గాదు, మీ పిల్లనే. గిట్ల కాదు, డాక్టర్‌కు చూపియ్యాలె అనిపిస్తే గది సుత నేనే చెప్త."

తొర్రూరులో బస్సు మారి పోయాం. పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను మేడంకు చెప్పవలసినదంతా మనసులో అప్పజెప్పుకుంటూ కూర్చున్నాను.

మేడం నా కూతురి వయసు మనిషి. మా ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, పిల్లను అడిగింది.

"రాత్రి నువ్వు పండుకున్నంక నీ పరేషానంత దానంతటదే పోయిందనుకో. నిద్రల ఉన్నవ్, నీకు తెల్వదు. పొద్దుగాల లేచినంక ఏం జూస్తే తెలుస్తది?"

"జల్ది లేస్తది, తానం జేస్తది, ఫ్యాన్ బంద్ జేస్తది" అన్నాను నేను.

మేడం నవ్వింది. జవాబు బాగా కుదిరిందనుకున్నాను.

"గవి మీరు కోరుకునేటియి అవ్వా, మంచియే. పిల్ల కోరుకునేటియి సుత జర విందాం." మళ్లీ పిల్ల వైపు తిరిగింది. "గసొంటి పొద్దుకు పది మార్కులు, అన్నిటికన్న పాడు దినానికి సున్నా. ఇయ్యాల ఏడున్నవ్?"

నేను సున్నా అనేలోపే "మూడు" అంది పిల్ల.

ఇంట్లో మూడు మార్కులున్న సంగతి నాకు తెలియనే తెలియదు. అడిగితే కదా.

"మూడా! గీ నడుమ ఏదన్న ఒక్క దినం జర మంచిగ గడిచిందా?"

జవాబు నేను అందుకోబోతుంటే మేడం నా చేతికి మంచినీళ్ల గ్లాసు ఇచ్చింది. తాగుతూ మాట్లాడలేం కదా.

"అమ్మమ్మ గొంతు పోయిన దినం" అంది పిల్ల.

నాకు నీళ్లు పొలమారాయి.

చలికాలంలో ఒకరోజు జలుబుకు నా గొంతు పూర్తిగా పట్టేసిన మాట నిజం. ఆ రోజు పిల్ల తనే లేచిందట. చాయ్ పెట్టిందట. మెడికల్ షాపుకు పోయి నాకు గోళీలు తెచ్చిందట. అక్కడ తన క్లాసు పిల్ల కనబడితే నిలబడి మాట్లాడిందట కూడా. నేనైతే ఆ రోజంతా మంచంలో పడి ఇల్లు ఏమైపోతుందో అనుకున్నాను. చాయ్‌లో చక్కెర ఎక్కువైందని చెప్పడానికి గొంతు లేక నేను పడ్డ బాధ నాకే తెలుసు.

"గా దినం గివన్నీ ఎట్ల జేసినవ్?" అంది మేడం.

"ఎవ్వరు చెప్పలే. రోజు లేద్దామనుకునేసరికే అమ్మమ్మ లెవ్వుమంటది. ఇగ లెవ్వబుద్ధి గాదు."

మేడం నన్ను చూసింది. "గా దినం మీరేం జేసిన్రు అవ్వా?"

"ఏం జేస్త? గొంతే లేకపాయె."

"గదే మంచిగ పని జేసింది."

నా ఇన్నేళ్ల బతుకులో మొదటిసారి మెచ్చుకోలు దొరికింది, అదీ ఏమీ చేయనందుకు. పని చేసిందేదో కనిపెట్టి దాన్నే మళ్లీ చేయడమట ఆ పద్ధతి. ఆ మూడు మార్కులు నాలుగు కావాలంటే ఏం చేస్తావని అడిగితే, ఆ క్లాసు పిల్లకు ఫోన్ చేస్తానంది మనవరాలు. నాకు మేడం ఏ పనీ చెప్పలేదు. చెప్పకపోయినా తెలిసింది.

తొర్రూరులో జనగామ బస్సు ఎక్కగానే నోట్లో వక్క వేసుకున్నాను. కండక్టర్ వచ్చాడు. ఎప్పుడూ మాట్లాడేది నేనే కాబట్టి పిల్ల నా వైపు చూసింది. నేను వక్క నమిలాను. పిల్లే రెండు ఆధార్ కార్డులూ తీసి, "జనగామ, ఇద్దరం" అంది.

"అవ్వకు మాటలు రావా?" అన్నాడు కండక్టర్.

"గొంతు పోయింది" అంది పిల్ల, మొహంలో నవ్వు కనబడనీయకుండా.

ఆ తర్వాత ఇంకొన్నిసార్లు పోయాం. బాగుపడడం ఒక్కసారిగా జరగలేదు. కొన్ని రోజులు తలుపు మళ్లీ మూసే ఉండేది. నేను బయట కూర్చుని వక్క నమిలేదాన్ని. మా ఇంట్లో వక్కలు అంత దుబారాగా ఎన్నడూ ఖర్చు కాలేదు.

పరీక్షలు ఇంకా ముందుండగానే ఒక పొద్దున, నేను ఏమీ అనకముందే తలుపు తెరుచుకుంది. పిల్ల బ్యాగు తగిలించుకుని వచ్చింది. తలకు నూనె లేదు. చున్నీకి ఇస్త్రీ లేదు. వెనక గదిలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

"కాలేజీకి పోతున్న అమ్మమ్మా. ఏమన్న చెప్పేదుందా?"

నేను గొంతు మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాను.

"నకరాలు జేయకు! గొంతు మంచిగనే ఉన్నది నీకు" అని నవ్వుకుంటూ పోయింది.

సందు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి పోయి ఫ్యాన్ ఆపాను.