అక్క బాతు చెప్పులు

మా చిన్నప్పుడు... కోరుట్లలో మా బాపు, అంటే నాన్న, పంచర్ దుకాణం వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఎప్పుడూ రబ్బరు కాలిన వాసనే. ఆ రోజు అక్క కింద పరిచిన గోనెసంచి మీద నిలబడితే, బాపు సుద్దముక్కతో ఆమె పాదాల చుట్టూ గీత గీశాడు. ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు. పక్కపక్కన చూస్తే ఎడమది ఎంతో చిన్నగా ఉంది. అక్క చూపు తిప్పుకుంది.

పసితనంలో జ్వరం వచ్చి మా లక్ష్మక్క ఎడమకాలు సన్నబడిపోయింది. నేల మీద కుంటేది. కానీ తేలేందుకు నడుముకు ఎండిన ఆనిగెపుకాయ, అదే సొరకాయ, బుర్ర కట్టుకుని మామయ్య వాళ్ల వ్యవసాయ బావిలో దిగిందంటే, ఎంత పిలిచినా పైకి వచ్చేది కాదు. ఒక్కటే చిక్కు... ఒక కాలికే బలం కదా, ఎంత ఈదినా పక్కకు తిరిగిపోయేది.

అప్పుడే ఇబ్రహీంపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. మస్కట్‌లో పడవల మీద పనిచేసి వచ్చినాయన. ఈతకు వేసుకునే రబ్బరు చెప్పు చినిగిందని అతికించమన్నాడు. ముందు భాగం బాతుకాలులా వెడల్పుగా ఉంది. బాపు దాన్ని అటు వంచి, ఇటు వంచి, మధ్యాహ్నమంతా చూస్తూనే ఉన్నాడు. పాపం, ఆయన చాయ్ మీద చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

ఆ తర్వాత బాపుకు అదే లోకమైంది. లారీ ట్యూబు ముక్కలను పొరలుగా అతికించి, పంచర్లు వేసే వేడి ప్రెస్సులో బిగించేవాడు. అంచులకు టైరు రబ్బరు సన్నగా కోసి అతికించేవాడు. మొదట రెండూ ఒకేలా చేశాడు. అక్క ఇంకా ఎక్కువ తిరిగింది. గానుగెద్దు అని నేను నవ్వితే అవ్వ, అంటే మా అమ్మ, నా నెత్తిన ఒక్కటిచ్చింది. అప్పుడు బాపు ఎడమదాన్ని ఒక పొర తగ్గించి మెత్తగా చేశాడు... సన్నటి కాలు కూడా దాన్ని ఆడించగలిగేలా. వెడల్పు మాత్రం పెంచాడు.

ఎన్ని పాడు చేశాడో లెక్కలేదు. చివరికి ఒకనాడు అక్క బావిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిన్నగా వెళ్లింది.

"బాపూ, సక్కగ పోయిన్నా?"

"సక్కగనే పోయినవ్ బిడ్డా."

బాపు రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమట కాదని నాకు తెలుసు.

ఈ సంగతి ఎవరి ద్వారానో కరీంనగర్‌లో ఈత నేర్పే సారుకు చేరింది. కాళ్లు సరిగా లేని పిల్లల్ని కొందరిని ఎంచుకుని నేర్పుతున్నామని, ఎంపిక ఒక్కరోజేనని, ఆ చెప్పులతోనే తీసుకురండి, చూస్తానని కబురు పంపాడు. ఇక అక్క అన్నం తింటూ కూడా కాళ్లు ఆడిస్తూనే ఉండేది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు... మా పాత టైర్లన్నీ రాస్తారోకోలకే పోయేవి. పక్క గల్లీ రాజన్న వచ్చి అడగడమే ఆలస్యం, బాపు తానే దొర్లించి ఇచ్చేవాడు. మేం కరీంనగర్ వెళ్లాల్సిన రోజుకు ముందురోజు సాయంత్రం కూడా ఇచ్చాడు. మర్నాడు బంద్.

"ఏం కాదు... వాళ్లు లేవకముందే మేం ఎల్లిపోతం" అన్నాడు అవ్వతో.

తెల్లవారుతుండగా ముగ్గురం బండి మీద బయల్దేరాం. జగిత్యాల రోడ్డు మీద ఊరు దాటకముందే పొగ కనిపించింది. అవి మా టైర్లే. ఇంకా అంటుకోని ఒకదాని మీద బాపు వేసిన సుద్ద గుర్తు అలాగే ఉంది.

రాజన్న పరుగున వచ్చి కట్టెతో ఒక టైరును పక్కకు లాగాడు. "కాకా, నువ్వు పో. చెల్లెను తీస్కపో. ఎవ్వలేమనరు."

బాపు కదల్లేదు. మా ముందే ఆగి ఉన్న వాళ్లలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక అబ్బాయి, చేతిలో ఫైలుతో, ఇంటర్వ్యూ ఉందని అందరినీ బతిమాలుతున్నాడు.

"గా పిలగాన్ని ఆపి నన్నెట్ల పంపుతవ్‌రా?" అన్నాడు బాపు. రాజన్న తల దించుకున్నాడు.

అలాగే నిలబడ్డాం... చాలాసేపు. అక్క ఒళ్లో సంచి, సంచిలో చెప్పులు.

"ఇంటికి పోదాం బాపూ" అని చివరికి అక్కే అంది.

మర్నాడు ఫోన్ చేస్తే, ఎంచుకోవడం అయిపోయిందన్నారు.

అక్క ఏడవలేదు. కానీ మళ్లీ బావిలో దిగలేదు. ఏడ్చింది నేను. బాపు మీద, రాజన్న మీద, ఆ టైర్ల మీద ఏళ్ల తరబడి కోపం పెట్టుకున్నాను.

రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా గులాల్. రాజన్న దుకాణానికి వచ్చి బాపు ముఖానికి రంగు పూశాడు. ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు. చూసినవాళ్లు సంతోషం అనుకున్నారు.

అక్క ఇప్పుడు సిరిసిల్లలో బట్టలు కుడుతుంది. బాపు మాత్రం ఏటా ఎండాకాలం ఆ చెప్పులను మేకు మీంచి దించి, అతుక్కుపోకుండా పౌడరు చల్లి మళ్లీ తగిలించేవాడు. పోయిన ఎండాకాలం అక్క ఇంటికి వచ్చినప్పుడు, ఎడమదాన్ని అలవాటుగా వంచి చూశాడు. పుటుక్కున విరిగింది. వాడని రబ్బరు కదా...

ముక్కలు చేతిలో పట్టుకుని అడిగాడు, "నేను తప్పు జేసిన్నా బిడ్డా?"

అక్క వాటిని మెల్లగా తీసుకుంది. "తెలంగాణ అచ్చింది గద బాపూ" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ రోడ్డు మీద అడ్డం ఏమీ లేదు... అలా కూర్చుంటే ఇలా కరీంనగర్. ఆ చోటు దాటుతుంటే మాత్రం నాకు ఇప్పటికీ రబ్బరు కాలిన వాసన వస్తుంది. ఆ రోజుల్లో మీ ఇంట్లోనూ ఎవరో ఏదో ఇచ్చేసి ఉంటారు... తిరిగి రానిది. ఉంటే ఇక్కడ రాయండి, నేను చదువుతాను.