రాళ్ల ఊళ్లో రాళ్ల కంపెనీ

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా అన్న ఎద్దులకు కుడితి పెడుతున్నాడు. సరిగ్గా అప్పుడే నాకు కంపెనీ ఆలోచన వచ్చింది. ఆ ఏడు కల్లూరులో మా చేను ఒక్కటే బీడు పడడానికి కారణం కరువు కాదు, ఆ ఆలోచనే.

కర్నూలు కొత్తగా రాజధాని అయింది. సర్కారు కచేరీలు డేరాల్లో నడిచేవి. ముందురోజు ఒక డేరాలో గాలికి కాగితాలు లేచిపోతుంటే, గుమాస్తాలు కోళ్లను పట్టబోయినట్టు వాటి వెంట పడడం చూశాను. ఇంటర్మీడియట్ చదివిన మేధావిని కదా! కాగితాల మీద బరువుకు నున్నటి రాళ్లు చేయించి అమ్మితే, రాజధాని ఉన్నంతకాలం మాకు తిరుగుండదని తేల్చాను. రాజధాని మూడేళ్లకే తరలిపోతుందని తెలియకపోవడం నా తప్పు కాదు. మిగతా తప్పులన్నీ నావే.

"అన్నా, బండీ ఎద్దులూ వారం ఇయ్యి. బేతంచెర్ల పోయి రాళ్లు తెస్తా."

"వాన పడితే విత్తేకి గొర్రు కట్టాల. పదునులో ఎవరి ఎద్దులు వాళ్లకే కావాల. కాడి నువ్వు మోస్తావా?"

"వాన ఆలస్యమని పంచాంగంలో ఉండాది."

"రాళ్లకు పోతాండావా? మన చేన్లో ఉండేవి ఏమప్పా, ముత్యాలా?"

"ఇవి శానా నున్నగుంటాయన్నా."

అన్న నవ్వి ఎద్దుల్ని విప్పి ఇచ్చాడు. చదువుకున్న తమ్ముడి మీద ఆయనకు అంత నమ్మకం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బేతంచెర్లలో రాళ్లు నునుపు చేయిస్తుండగా వాన పడింది. మా నేలలో విత్తనానికి కావలసిన తడి, ఆ పదును, మూడు రోజుల్లో ఆరిపోతుంది. కంపెనీ అధిపతి వెంటనే ఇంటిదారి పట్టాడనుకుంటున్నారా? మెరుగు చాలలేదని ఇంకో రెండు రోజులు కూర్చున్నాడు.

ఏడో రోజు బండిని నేరుగా డేరా ముందు ఆపాను. గుంటూరు నుంచి వచ్చిన గుమాస్తా ఒక రాయిని తిప్పి చూశాడు.

"బాగుందండీ. దీన్నేం చేసుకోవాలి?"

"కాగితాలు ఎగరకుండా పెట్టుకోండి సార్."

ఆయన తన బల్ల చూపించాడు. ప్రతి కట్ట మీదా ఒక గుండ్రాయి ఉంది.

"మొన్న గాలి వచ్చాక తుంగభద్రకు వెళ్లి గోనెడు ఏరుకొచ్చామండీ. మీ ఊళ్లో రాళ్లు కొనేవాళ్లు కూడా ఉన్నారా?"

బండి ఇంటికి తోలాను. అన్న చేనిగట్టు మీద కూర్చుని ఉన్నాడు. చుట్టుపక్కల చేలన్నీ విత్తేశారు. మాది ఎండి గట్టిపడింది. అన్న నన్ను చూడలేదు, బండిలోకి చూశాడు.

"పదును పాయె. రా, గొర్రు కడదాం. బండెడు విత్తనాలు తెచ్చినావు గదా!"

ఇకమీదట ఏ వ్యాపారం పెట్టినా ముందు కాళ్ల కింద ఏముందో చూస్తానని అక్కడే చెప్పులు విడిచి ప్రమాణం చేశాను. ప్రమాణం పూర్తయ్యేలోపే రెండు రాళ్లు గుచ్చుకున్నాయి.

అన్న పోయి ఏడాదయింది. ఆ చేనిలో ఇప్పుడు ఎవరూ విత్తడం లేదు.