ఐదూ యాభై అలారం

ఐదూ యాభైకి దిండు పక్కన ఫోను కుయ్యిమంది. అదేమిటో ఇంజనీరు భాస్కరరావు చూడక్కరలేదు. కైకలూరు శివార్లలోని చిన్న రేడియో స్టేషన్‌లో యాంటెనాకు వెళ్ళే పవర్ సగానికి పడిపోయిందని అక్కడి మానిటర్ పంపిన మెసేజ్. దసరా వెళ్ళిన దగ్గర్నుంచి ఇదే ఆయన సుప్రభాతం. అలారం మోగితే ట్రాన్స్‌మిటర్ తనంతట తనే ఆగిపోతుంది. ఆరింటికి చెరువుల రైతులు వినాల్సిన వాతావరణం, చేపల ధరలు గాల్లో కలిసిపోతాయి.

యాభై ఏడేళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, ఏలూరులో మొదటి బస్సు పట్టుకుని, కొల్లేటి దారిలో కుదుపులు తింటూ ఎనిమిదింటికి అక్కడికి చేరేవాడు. చేరేసరికి అంతా నిక్షేపంగా ఉండేది. డాక్టరు గుమ్మంలోకి రాగానే జ్వరం దిగిపోయే రోగిలాంటిది ఆ మిషను. రీసెట్ నొక్కి ట్రాన్స్‌మిటర్‌ను లేపి, తన సొంత మీటరు పెట్టి చూసేవాడు. యాభై వాట్లకు యాభై. టీ తాగి, మళ్ళీ బస్సెక్కేవాడు.

యాంటెనాను అనుమానించి మనిషిని టవరెక్కించాడు. ఏమీ దొరకలేదు. చెరువుల్లో నీటికి గాలి కొట్టే ఏరేటర్ మోటార్ల వల్లేమోనని రెండు రోజులు వాటిని తిట్టుకున్నాడు. తలప్రాణం తోకకొచ్చింది. స్టేషన్ మేనేజరు ప్రసూన మంచిదే, కానీ ఆమెకూ పైవాళ్ళున్నారు. కారణం కాగితం మీద రాసివ్వండి భాస్కరరావుగారూ అని రోజూ అడిగేది. ఎనిమిదో రోజున ఒళ్ళు అలిసి, బుర్ర అలిసి, చేతికి దొరికిన కారణం రాసిచ్చేశాడు: ‘ఉదయం గది తుడిచే నీటి తేమ పరికరంలోకి చేరుతోంది.’

గది తుడిచేది నాగరత్నం. ఆరేళ్ళుగా ఐదున్నరకల్లా వచ్చి తాళం తీసేది ఆవిడే. మర్నాటి నుంచి రావద్దన్నారు. విచిత్రంగా రెండు రోజులు అలారం మోగలేదు. చూశారా అన్నారు అందరూ. మిషను పాడు చేసిన మనిషి అన్న పేరు నాగరత్నానికి ఖాయమైపోయింది. ఆ రెండు రోజులూ పొడిగాలి వీచిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు, మన ఇంజనీరుగారితో సహా.

మూడో రోజు మళ్ళీ మోగింది. ఆ రోజు పొగమంచు బస్సు అద్దాలకు దుప్పటి కప్పినట్టు పట్టింది. ఎనిమిదిన్నరైనా విడలేదు. ఆ మంచే భాస్కరరావుకు మేలు చేసింది. మొదటిసారి జబ్బు దిగకముందే రోగి దగ్గరికి చేరాడు. రీసెట్ నొక్కాడు. మానిటర్ ఇరవై ఆరు వాట్లంటోంది. తన మీటరు యాభై అంటోంది. అంటే పవర్ తగ్గలేదు, కబురే తప్పుగా వస్తోంది.

యాంటెనాకు వెళ్ళే దారిలో ఒక సెన్సర్ ఉంటుంది. వెళ్ళే పవర్‌ను కాస్త రుచి చూసి, సన్న వైరు మీదుగా మానిటర్‌కు చెప్పడం దాని పని. ఆ వైరు కొస విప్పి, సెల్‌ఫోన్ లైటు వేసి లోపలికి చూశాడు. చెమ్మగిల్లిన పసుపు, కుంకుమ.

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయుధపూజ రోజున దుమ్ము దులపడానికి ఆ వైరు విప్పింది తనే. పౌరోహిత్యం చేసే ఇంట పుట్టినవాడు కదా, ఏ పరికరాన్నీ వదలకుండా తడివేళ్ళతో బొట్లు పెట్టిందీ తనే. తెరిచి ఉన్న మూతికి కూడా పెట్టి, ఆరకముందే వైరు బిగించేశాడు. తెల్లవారి మంచుకు ఆ పొర చెమ్మెక్కుతుంది, కబురు సగం అందులోనే కారిపోతుంది. ఎండ రాగానే ఆరిపోతుంది. అంతే. ఇందులో గది తుడిచిన నీళ్ళ చుక్క ఒక్కటి లేదు.

శుభ్రం చేసి బిగించడానికి పది నిమిషాలు పట్టింది. నాగరత్నం దగ్గరికి వెళ్ళడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఐసు షాపు దగ్గర చేపల పెట్టెల్లో ఐసు ముక్కలు సర్దుతోంది. చేతులు పాలిపోయి, వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి. ఆయనకు సిగ్గేసింది. నిలబడే అంతా చెప్పాడు.

ఆవిడ పని ఆపకుండానే విన్నది.

“ఆ రోజు కుంకం పళ్ళెం పట్టుకుంది నేనేనండి,” అంది. “ఆరకుండా బిగించేస్తున్నారని చెబుదామనుకున్నానండి. చదువుకున్నోరు, మీకు తెలీదా అని ఊరుకున్నాను.”

ఇంకో పెట్టె ముందుకు లాక్కుంది.

“నాతో చెబితే ఏం లాభవండీ? నన్ను అన్నది అందరిలోనూ. రేపు ఎనిమిదింటికి గేటు కాడుంటాను. అందరూ ఉండగా చెప్పండి.”

మర్నాడు ఐదూ యాభైకి ఫోను మోగలేదు. ఇకనైనా హాయిగా పడుకోవాల్సిన పొద్దు అది. అలారం లేకుండానే మొదటి బస్సెక్కాడు.

ప్రసూన, అనౌన్సర్లు, వాచ్‌మన్ అందరూ ఉన్నారు. నాగరత్నం గేటు లోపలికి ఒక్క అడుగు వేసి ఆగిపోయింది. భాస్కరరావు కూర్చోలేదు. రాసిచ్చిన కారణం అబద్ధమనీ, తప్పు తన చేతిదేననీ చెప్పి, అదే మాట రాసి సంతకం చేసిన కాగితం ప్రసూన చేతిలో పెట్టాడు. ప్రసూన అది చదివి, మళ్ళీ పనిలోకి రమ్మని నాగరత్నానికి సైగ చేసింది.

నాగరత్నం లోపలికొచ్చి, మూలన ఎండిపోయి ఉన్న గుడ్డ తీసుకుంది. ట్రాన్స్‌మిటర్ గది గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగింది.

“ఇంజనీరుగారండీ, తడిగుడ్డ పెట్టమంటారా, పొడిగుడ్డ పెట్టమంటారా?”

భాస్కరరావు తల ఎత్తలేకపోయాడు.

“తడిగుడ్డే పెట్టమ్మా,” అన్నాడు.