ముత్తమ్మ పళ్ల మధ్య సందు

అది 2022, వానలు మొదలైన రోజులు. జగదల్‌పూర్ వైపు బీజాపూర్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో దంతవైద్యురాలిగా నాకది రెండో ఏడు. మాది ఖమ్మం దగ్గరి పల్లె. ఇక్కడ నా గదిలో ఒక కుర్చీ, ఒక ఎక్స్‌రే యంత్రం, కరెంటు ఉన్నంతసేపే తిరిగే డ్రిల్లు ఉండేవి. తోటి డాక్టర్లతో హిందీలో మాట్లాడేదాన్ని. రోగులు గోండిలో చెప్పేది నర్సు హిందీలోకి మార్చి చెప్పేది. తెలుగులో ఒక్క మాట మాట్లాడకుండా రోజులకు రోజులు గడిచిపోయేవి. అద్దెగదికి చేరి తాళం తీశాక, అన్నం వండుకుంటూ నాలో నేనే పైకి మాట్లాడుకోవడం అలవాటైంది.

అందుకే ఆ రోజు వరుసలోంచి తెలుగు మాట వినపడగానే తలెత్తి చూశాను. యాభై దాటిన ఆడమనిషి. పేరు ముత్తమ్మ. ఉసూర్ వైపు పల్లెలో సేద్యం చేసుకునే దోర్ల తెగ కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కొంత దూరం నడిచి, ఆపైన జీపెక్కి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది.

"కొంగు తియ్యి పెద్దమ్మా. ఏమైంది?"

"బోరింగు కొట్టింది బిడ్డా. నీళ్లు కొడుతుంటె చెయ్యి జారింది. పిడి ఎగిరొచ్చి మూతికి తగిలింది. నెల దాటింది."

పైవరుసలో ముందుపళ్లు రెండూ విరిగాయి. కుడిది మూల మాత్రమే పోయింది. ఎడమది సగానికి విరిగి, లోపలి నరం చచ్చిపోయి చీము పట్టింది. ఎక్స్‌రేలో వేర్లు మాత్రం గట్టిగానే కనిపించాయి. పన్ను నిలబెట్టవచ్చు, కానీ నాలుగైదుసార్లు రావాలి. దూరం నుంచి వచ్చేవాళ్లు చాలామంది రెండోసారి రాలేరు. సగంలో ఆగిన వైద్యం కంటే పీకడమే మేలని అప్పటికి నేను ఎన్నో పళ్లు పీకి ఉన్నాను. ఆమెకూ అదే చెప్పాను.

"రెండూ తీసేసి కట్టుడుపళ్లు పెట్టించుకో పెద్దమ్మా. ఇన్నిసార్లు ఏం తిరుగుతవు?"

"పీకకు. ఎన్నిసార్లు రమ్మంటె అన్నిసార్లొస్త."

"నమిలేది వెనకపళ్లతోనే గదా?"

"నమిలేటందుకు కాదు బిడ్డా. మా ఇంటాయనకు చెవులు వినపడవు. జ్వరమొచ్చి పోయినయి, శానా ఏండ్లాయె. నా నోరు జూసే మాట తెలుసుకుంటడు. ఊళ్లె ఇంకెవరి నోరూ ఆయనకు అందది. ఇప్పుడు నేనేమన్నా, ఏందంటవ్, ఏందంటవ్ అని నాలుగుసార్లు అడుగుడు. అడిగి అడిగి అడుగుడే మానేసిండు. ఒక్క ఇంట్లనే ఉంటం ఇద్దరం. మాట లేదు."

మత్తు ఇంజెక్షన్ సిద్ధం చేశాను.

రూట్ కెనాల్ అంటే పన్ను లోపలి చెడిన నరాన్ని తీసి, ఆ సన్నటి కాలువను కడిగి, మందుతో మూసేయడం. దానికి మూడుసార్లు పట్టింది. ఒకసారి వాగు పొంగి ఆగిపోయింది. ఇక రాదనే అనుకున్నాను. మరుసటి వారం, చీర అంచు బురదతో బరువెక్కి, గుమ్మంలో నిలబడి ఉంది.

తరవాత జగదల్‌పూర్ నుంచి తెప్పించిన ఫైబర్ పోస్ట్ అతికించాను. అది సన్నటి పుల్ల లాంటిది, వేరులో దిగి పైన కట్టే పన్నును మోస్తుంది. దానిమీద కాంపోజిట్, అంటే పన్ను రంగులో ఉండే మెత్తటి ముద్ద, పొరలు పొరలుగా పెట్టి నీలిరంగు లైటుతో గట్టిపరిచాను. కుడిపన్ను మూలను కూడా అలాగే కట్టాను. ఆమె పళ్ల మధ్య మొదటినుంచీ సందు ఉన్నట్టు విరిగిన మొదళ్లను చూస్తేనే తెలుస్తోంది. చూడటానికి బాగుంటుందని దాన్ని మూసేశాను. ఆమెను అడగలేదు. అద్దంలో చూసుకుని ఆమె తలూపింది. నేను ఫోటో తీసుకున్నాను. చూపించడానికి ఎవరూ లేక, అదే ఫోటోను నేనే పదిసార్లు చూసుకున్నాను.

పది రోజులకు భర్త ఎర్రయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. నోటికి మళ్లీ కొంగు.

"నొప్పిగా ఉందా?"

"పళ్లు మంచిగనే ఉన్నయి బిడ్డా. నా మాటే ఆయనకు తెలుస్తలేదు."

నేను ఆయన వైపు తిరిగి ఏదో అడిగాను. ఆయన నా ముఖంకేసి చూసి, చెవిటివాళ్లు మాట్లాడేంత గట్టిగా అన్నాడు: "మూతి కట్టుకుని మాట్లాడితె నాకేం తెలుస్తదమ్మా?"

సిగ్గేసింది. మాస్కు తీసి నెమ్మదిగా అడిగాను. అయినా ఆయనకు అందలేదు. ముత్తమ్మ అదే మాటను మూడుసార్లు అంటే గాని పట్టుకోలేకపోయాడు. అప్పుడు తన ముందుపళ్ల మధ్య వేలు పెట్టి చూపించాడు.

"ఈడ సందుండె. నాలుక కొస ఆడుడు అండ్లకెల్లి కనబడేది. ఇప్పుడు తలుపేసినట్టయింది. ఎవరో వేరే ఆడమనిషి మాట్లాడినట్టుంది."

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను. పలచటి గరుకు డిస్కుతో, నేను అంత ముచ్చటపడి మూసిన సందును కొద్దికొద్దిగా తెరిచాను. పెదవిని ముందుకు నెడుతున్న మందాన్ని కూడా అరగదీశాను. కాస్త అరగదీసి ఆగుతాను, ఆమె ఒక మాట అంటుంది, ఆయన అడ్డంగా తలూపుతాడు. మళ్లీ మొదలు. నాలుగోసారి ఆమె గొంతు విప్పకుండా, పెదవులతోనే ఏదో అంది. ఎర్రయ్య ముందుకు వంగాడు. ముఖమంతా విప్పారింది.

"ఎర్రకోడి గుడ్లమీద కూసున్నదా అని అడుగుతాంది!" అన్నాడు నాతో. ఆమె వైపు తిరిగి, "కూసున్నది, పొద్దుగాలనే కూసున్నది," అన్నాడు.

ఇక ఆగలేదు. ఆమె చప్పుడు లేకుండా అడుగుతోంది, ఆయన గది మారుమోగేలా జవాబు చెబుతున్నాడు. నాగలి గురించి, ఇంటి కప్పు కారుతున్న చోటు గురించి. వాళ్లకు నేను గుర్తులేను. చేతిలో డిస్కు పట్టుకుని, పక్కింటి గోడ అవతలి మాటలు వింటున్నదానిలా నిలబడ్డాను. సంతోషంగానే ఉంది. వాళ్లు వెళ్లిపోతారన్న దిగులు కూడా ఉంది.

జీపు దాకా ఆమె కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆ తరవాత ఎప్పుడూ రాలేదు. పన్ను నిలబడిందనే అనుకుంటాను.

చదువుకునేటప్పుడు పన్ను పొడవు, వెడల్పు, రంగు కొలవడం నేర్పారు. ఆ నోటిని ఇంట్లో ఎవరు చూస్తారో అడగమని నేర్పింది ముత్తమ్మ. ఇప్పుడు ముందుపన్ను ముట్టుకునే ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతాను, "ఇంట్లో ఎవరితో మాట్లాడతారు?" అని. భార్యతో అంటారు, మనవరాలితో అంటారు. అప్పుడప్పుడు ఒకరు, మాట్లాడేందుకు ఎవరూ లేరంటారు. వాళ్లకు ఏం చెప్పాలో నేనింకా నేర్చుకోలేదు.