రాతి కింద సముద్రానికి పహరా

మా లాన్స్ నాయక్ పహరాలో నిద్రపోలేదు. నిద్రపోయాడని తేల్చి అతని చేతి మీది హోదా ఫీత తీసేశారు. ముప్పై ఏళ్ళుగా అది తప్పని చెబుతున్నాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మే నెల. లింగసుగూరు దాటాక మట్టిదారి. దేశమంతా తిప్పిన సైన్యం చివరికి నన్ను ట్రక్కులో తెచ్చి సొంత రాయచూరు జిల్లాలోనే దింపింది. మూతపడిన గని. పైన నల్లమట్టి, తుమ్మచెట్లు, చెయ్యి పెడితే కాలే రేకులు. కింద చల్లని రాయి, నీటిబొట్ల చప్పుడు. రైఫిళ్ళు, టార్చిలు, పైకీ కిందికీ ఒక తీగ ఫోను. హుకుం ఒక్కటే: సొరంగంలోని యంత్రం దగ్గరికి ఎవరినీ రానివ్వొద్దు.

యంత్రమంటే పొడవాటి గాజు గొట్టం. అందులో సగం నీళ్ళు. నేల వెంట్రుకవాసి ఒరిగినా నీళ్ళు ఒక కొసకు జరుగుతాయి. ఆ కదలికకు పక్కనున్న కలం కాగితపు చుట్ట మీద గీత గీస్తుంది. దాన్ని పెట్టిన సైంటిస్టు మేడమ్‌ది బందరు వైపు, సముద్రం పక్క ఊరు.

"చంద్రుడు సముద్రాన్ని లాగినట్టే రాయినీ లాగుతాడు. రోజుకు రెండుసార్లు ఈ నేల జానెడు లేచి దిగుతుంది. దానితోపాటే మనమూ లేస్తాం గనక తెలియదు," అందామె.

లాన్స్ నాయక్‌దీ మా జిల్లానే, మాన్వి. నా చెవిలో అడిగాడు: "ఏందన్నా, మా మాన్వి గూడ లేస్తదా?"

"లేస్తది. మీ అత్తగారిల్లు గూడ."

"మా అత్త లేస్తె ఊరంతకు ఎరుకైతది గదన్నా!"

గీత నిద్రపోయే బిడ్డ పొట్టలా మెల్లగా ఎగసి దిగేది. కానీ దాని నిండా రంపపు పళ్ళు. "ఇవి మీ బూట్లు," అంది మేడమ్, కోపం లేకుండానే. "అమావాస్యకు పోటు పెద్దది. ఆ ఒక్క పూట శుభ్రమైన గీత దొరికితే చాలు." మాకు ఆజ్ఞ ఇవ్వలేదు. తనలో తాను అనుకుంది, అంతే. అమావాస్య నాడు బ్యాటరీల కోసం రాయచూరు వెళ్ళింది.

ఆ రోజు పగలు పన్నెండు నుంచి నాలుగు దాకా కింద లాన్స్ నాయక్ పహరా. పైన ఫోను దగ్గర నేను. అరగంటకోసారి పలకరించాలి.

"కింద ఏం సంగతి?"

"మెల్లగన్నా. సప్పుడు చెయ్యకు."

"ఏందిరా గుసగుస?"

"ఫోను కాడనే నిలబడ్డ. కదుల్తలేను. మేడమ్ గీత ఖరాబైతది."

"నాలుగు గంటలా? కాళ్ళు పట్టుకుంటయి, పాగల్!"

"పట్టుకోని. అన్నా, నిలబడితె ఎరుకైతుంది. నేల పైకొస్తున్నట్టె ఉంది. నువ్వు గూడ నిలబడి చూడు."

నిలబడ్డాను. ఎండమావుల్లో తుమ్మచెట్లు తేలుతున్నాయి. ట్రక్కు లంగరేసిన పడవలా ఊగింది. ఫోనులో అతని ఊపిరి వినిపిస్తోంది, దాని వెనక నీటిబొట్లు. మా యాపలదిన్ని, మాన్వి బజారు, బాళగనూరు వరిమళ్ళు, అన్నీ ఒక్కసారిగా జానెడు లేచి దిగినట్టు అనిపించింది. అనిపించిందంటున్నాను, కొలిచానని కాదు.

మర్నాడు సుబేదార్ సాబ్ ఆ కాగితం విప్పాడు. పన్నెండుకు వచ్చిన అడుగులు ఉన్నాయి. నాలుగుకు వెళ్ళిన అడుగులు ఉన్నాయి. మధ్యలో నున్నటి గీత.

"పహరా అంటే నడవాలి. అడుగు లేదంటే మనిషి పడుకున్నట్టే. కాగితం అబద్ధం చెప్పదు."

"సాబ్, పిలిచిన ప్రతిసారీ ఫోనులో పలికాడు," అన్నాను.

"ఫోను తలకింద పెట్టుకుని పడుకోవడం నాకు తెలీదా? ఇద్దరిదీ ఒకటే జిల్లా. నువ్వు వాడి పక్క మాట్లాడక ఏం చేస్తావ్?"

లాన్స్ నాయక్ మేడమ్ మాట చెప్పాడు. ఎవరూ వినలేదు. ఆమె తిరిగొచ్చేలోపే మా ఇద్దరినీ ట్రక్కెక్కించారు. ఫీత లేని చేతి మీద, అది ఉన్నచోట బట్ట రంగు వెలిసిపోలేదు. దారంతా దాన్ని అరచేత్తో కప్పుకొని కూర్చున్నాడు.

నా చదువు ఏడో తరగతి. మిగతాదంతా రిటైరయ్యాక రాయచూరు లైబ్రరీలో కూర్చుని నేర్చుకున్నాను. కాగితం అబద్ధం చెప్పదట. సరే, చెప్పదు. దాన్ని చదివేవాడు చెప్పడా? ఇదే మాట ఎన్ని ఆఫీసులకు రాశానో! చివరికి మేడమ్ చిరునామా దొరికితే ఆమెకూ రాశాను.

లాన్స్ నాయక్ ఇప్పుడు మాన్విలో పత్తి మార్కెట్ గేటు కాపలా. కుర్చీ వేసినా కూర్చోడు. ఆ కొస నుంచి ఈ కొసకు, ఎర్రటి ఎండలో, తెల్లటి మీసాలతో నడుస్తూనే ఉంటాడు. "నిలబడితె పండుకున్నడంటరన్నా," అంటాడు. కళ్ళు మూస్తే నాకు కనిపించేది ఆ నడకే.

పోయిన నెల మేడమ్ జవాబు వచ్చింది. మాన్వి బస్సెక్కి వెళ్ళి, గేటు దగ్గర అతని పక్కన నడుస్తూ చదివాను. సగంలో అతని కాళ్ళు ఆగాయి.

"ఆ గీత నా దగ్గరే ఉంది. అంత శుభ్రమైనది నాకు మళ్ళీ దొరకలేదు. ఆ పూట అక్కడ మనిషే లేడనుకున్నాను ఇన్నాళ్ళూ. పడుకున్న మనిషి ఒత్తిగిల్లుతాడు, కాలు చాపుతాడు. అదీ గీత మీద పడుతుంది. ఆ నాలుగు గంటల్లో పోటు తప్ప ఏమీ లేదు. అలా ఉండాలంటే మెలకువగా ఉండాలి. ఈ మాట ఎవరికి రాయమన్నా రాస్తాను. ఆయన ఇప్పటికీ కూర్చోడని రాశారు. ఇక కూర్చోమనండి. నేను చెప్పానని చెప్పండి."