వరండాలో పచ్చ ఉయ్యాల

ఎనిమిదేండ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉండాది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతాండాను.

మా అన్న కొడుకును ఉయ్యాలలో వేసే రోజు, మేనత్తగా బిడ్డను మొదట పడుకోబెట్టాల్సింది నేను. కొత్త చీర కట్టుకుని కంబదూరులో వాళ్లింటికి పోయినాను. పెండ్లయి తొమ్మిదేండ్లయినా నాకు పిల్లల్లేరు. చిలకలు చెక్కిన టేకు ఉయ్యాల మీద చెయ్యి వేయబోతే మా వదిన అందరి ముందరా, "నువ్వు ముట్టుకోవద్దులే" అనింది. గట్టిగా కూడా అనలేదు. బిడ్డను తన చెల్లెలి చేతికిచ్చింది. నేను వక్కాకు పళ్లెం పట్టుకుని గోడ పక్కన నిలబడినాను.

ఆ తరవాత చాలా ఏండ్లకు అనంతపురంలో చిన్న ఇల్లు కట్టుకున్నాము. పాత వస్తువులతో వరండాను అలంకరించడం నాకు పిచ్చి. ప్రతి ఆదివారం పాత సామాన్ల సంతకు పోయి లాంతర్లు, పింగాణీ జాడీలు, విరిగిన కిటికీ చట్రాలు ఏరుకొచ్చేదాన్ని. ఒకరోజు పాత మంచాల వెనక ఆ టేకు ఉయ్యాల కనబడింది. రెండు వైపులా చెక్కిన చిలకలు, అందులో ఒకదానికి ముక్కు లేదు. చూస్తానే గుర్తుపట్టినాను. వదిన పుట్టింటికి పోయినప్పుడు మా అన్న అటక ఖాళీ చేసి సామాన్లవానికి ఇచ్చేసినాడంట.

వెంటనే వదినకు ఫోన్ చేయచ్చు కదా? చేయలేదు. కొని తెచ్చి, చిలకలను రంపంతో కోసి నీళ్ల పొయ్యిలో పెట్టినాను. అవి కాలుతాంటే ఎంత హాయిగా ఉండిందో చెప్తే మీరు నన్ను అసహ్యించుకుంటారు. మిగిలినదానికి పచ్చరంగు పూసి, పూలకుండీలు పెట్టి, వరండాలో గొలుసులకు వేలాడదీసినాను.

నెలకు వదిన వచ్చింది. ఆ కొడుక్కే ఇప్పుడు కూతురు పుట్టింది. ఆ ఉయ్యాల పక్కనే కుర్చీలో కూర్చుని అడిగింది.

"నువ్వు ప్రతివారం సంతకు పోతావు గదమ్మీ, మా ఉయ్యాల యాడన్నా కనబడిందా? మా అమ్మ చేయించింది అది. మనవరాలిని దాంట్లోనే వేయాలని ఉండాది."

"లేదు వదినా."

"ఇది బాగుండాదే," అంటా పచ్చ ఉయ్యాల మీదికి చెయ్యి చాపింది.

"ముట్టుకోవద్దు వదినా. రంగు ఇంకా ఆరలేదు."

రంగు ఆరి మూడు వారాలయింది. ఆమె చెయ్యి వెనక్కి పోయేదాకా కన్నార్పకుండా చూసినాను. ఇన్నేండ్లు నేను కాచుకున్నది దీనికోసమేనా? అవును, దీనికోసమే.

పదిరోజులకు ఇనప ఉయ్యాల కొని పాపకు పేరు పెట్టినారు. వదిన చిన్నబోయిన మొగం చూడాలనే పోయినాను. అందరూ చూస్తాండగా ఆమె పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "మొదట నువ్వే పడుకోబెట్టు," అనింది.

అప్పుడు నాకు పశ్చాత్తాపం వచ్చిందనుకుంటారేమో. రాలేదు. కోపం వచ్చింది. ఇంత ఆలస్యంగా మంచిదై, నా పగను నాకు దక్కకుండా చేసిందని. నిజం చెప్పకుండానే పాపను ఆ ఇనప ఉయ్యాలలో పడుకోబెట్టినాను.

ఇప్పటికీ వదిన ఆ ఉయ్యాల పోగొట్టినావని మా అన్నను తిడతాది. ఆయన తలొంచుకుని పడతాడు. నేను ఆడనే కూర్చుని వింటాను. పగ పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. క్షమించమని అడిగే మొగమూ నాకు లేదు. కానీ చేసింది నేనేనని ఒక్కరికైనా చెప్పినాను. గొంతు కొంచెం తేలికయింది.